మంచాన పడితే యాడ?

చెన్నై సెంట్రల్ నుంచి వచ్చిన కరెంటు బండి తిరువళ్ళూరులో ఆగీ ఆగకముందే పెట్టె సగం ఖాళీ అయిపోతుంది. ఇవాళ అమావాస్య. దిగినవాళ్ళలో చాలామంది చేతుల్లో బెల్లం పొట్లాలు. అందరూ ఊరివైపు, వీరరాఘవస్వామి గుడివైపు తిరుగుతారు. మీరు మాత్రం నాతో ఈవలికి, మణవాళనగర్ వైపు రండి. మా మేనత్త గేటు దగ్గరే నిలబడి ఉంటుంది. చేతిలో సంచి, సంచిలో కళ్ళజోడు, క్యాలెండరు కాగితం వెనక రాసుకున్న ప్రశ్నలు.

"వచ్చినావా నాయనా? టిఫిను తిన్నావా?"

ప్రశ్నలు తెలుగులో తట్టినవే, రాసుకున్నది మాత్రం తమిళ అక్షరాల్లో. అత్త పొదటూరుపేటలో మగ్గాల ఇంట పుట్టింది. అప్పుడు తిరుత్తణి తాలూకా చిత్తూరు జిల్లాలో ఉండేది. 1960 ఏప్రిల్ 1న, సరిహద్దుల మీద పటాస్కర్ ఇచ్చిన తీర్పు ప్రకారం అది మద్రాసు రాష్ట్రంలో కలిసేనాటికి అత్తకు ఏడేళ్ళు. ఇల్లు కదల్లేదు, మగ్గం కదల్లేదు, రాష్ట్రం మారింది. చదువు తమిళంలో సాగింది, ఉద్యోగం కూడా తమిళ బడిలోనే, లెక్కల టీచరుగా. ఇంట్లో మాత్రం ఇప్పటికీ తెలుగే. ఈ చుట్టుపక్కల ఇలాంటి ఇళ్ళు వీధికి పది కనిపిస్తాయి.

మామ పోయాడు. కొడుకు బెంగుళూరులో, కూతురు న్యూజెర్సీలో. కింది వాటా అద్దెకిచ్చి పైన ఒక్కతే ఉంటుంది. పోయిన ఆడినెలలో బాత్రూములో జారింది. ఎముక విరగలేదు గానీ, పాకుతూ వచ్చి తలుపు గడియ తీసేసరికి గంట పట్టిందట. వృద్ధుల కాలనీలు చూద్దామని ఆ గంటలోనే తీర్మానించుకుంది. పిల్లలకు తర్వాత చెప్పింది.

"ముందు కొలనుకాడికి పోదాం" అంటుంది. అంటే మళ్ళీ పట్టాలు దాటి ఆవలికే. అత్తతో వాదించి గెలిచినవాళ్ళు మా వంశంలో లేరు, ఆటో ఎక్కండి.

హృత్తాపనాశిని కొలను మెట్లమీద కాలు పెట్టే చోటు లేదు. రోగం కరిగిపోవాలని అందరూ నీళ్ళలో బెల్లం వేస్తున్నారు. ఈ స్వామిని వైద్య వీరరాఘవుడంటారు. గుడి 108 దివ్యదేశాల్లో ఒకటి, నిర్వహణ అహోబిల మఠానిది. అత్త కూడా బెల్లం వేసి, మోకాలు తడుముకుంటూ మెట్టుమీద చతికిలబడుతుంది. ఇక్కడి స్థలపురాణం ఆమె నోట వినాలి. శాలిహోత్రుడనే ముని ఉపవాసముండి, పిండి వండి, అతిథి కోసం ఎదురుచూస్తుంటే ఒక ముసలాయన వచ్చాడు. పెట్టినదంతా తిన్నాడు, చాలలేదన్నాడు, ముని తన వాటా కూడా పెట్టేశాడు. తిన్నాక ముసలాయన, పడుకునేది ఎక్కడ అని అడిగాడు. ముని తాను పడుకునే చోటే చూపించాడు. లోపల స్వామి ఇప్పటికీ పడుకునే ఉన్నాడు, కుడిచెయ్యి ముని తలమీద.

"చూడు, దేవుడే ముసిలోడై వచ్చి యాడ పడుకోవాలని అడిగినాడు. నేనడిగితే తప్పా?"

దండం పెట్టుకోవడం అయింది. ఆటో తిరుపతి రోడ్డెక్కుతుంది. మొదటి కాలనీ గురించి ఎక్కువ చెప్పను. గేటు దగ్గర ఫౌంటెను, లోపల చిన్న గుడి, యోగా హాలు, అరవై ఏళ్ళవాళ్ళు క్యారమ్స్ ఆడుతున్న పెద్ద ఫోటో. అమ్మకాల కుర్రాడు మర్యాదస్తుడు, తిరుత్తణి పక్కవాడు, తెలుగు వినగానే ముఖం విప్పారింది. అత్త ఫౌంటెను వైపు చూడనైనా చూడకుండా అడిగింది: "మంచాన పడినోళ్ళు యాడ ఉండారు?"

"అట్లాంటోళ్ళు ఇప్పుడు లేరమ్మా. పెద్దాసుపత్రి దగ్గరే ఉండాది కదా."

ఆసుపత్రి ఉన్నమాట నిజమే. తిరువళ్ళూరు ప్రభుత్వ వైద్య కళాశాల 2022 జనవరిలో ప్రారంభమైంది. అవసరమైతే చెన్నై గిండీలో వృద్ధులకోసమే 2024లో తెరిచిన 200 పడకల జాతీయ కేంద్రం ఉంది. మన దేశంలో ముసలివాళ్ళ వైద్యానికి మొదటి ప్రొఫెసరుగా పేరుపొందిన డాక్టర్ వి. ఎస్. నటరాజన్ మద్రాసు జనరల్ ఆసుపత్రిలో ప్రత్యేక విభాగం మొదలుపెట్టింది 1978లోనే. ఈ పక్క వైద్యానికి కొరతలేదు. కానీ ఆసుపత్రి నయంచేసి పంపేస్తుంది. నయం కానిదాన్ని ఉంచుకోదు. తుంటి ఎముక అతికాక ఆరునెలలు నడవలేని మనిషిని, పేర్లు మరిచిపోతున్న మనిషిని ఎవరు చూస్తారన్నది వేరే లెక్క. అత్త కాగితంమీద ఆ పేరు కొట్టేసింది. ఆటో ఎక్కుతుంటే కుర్రాడు బ్రోచరు ఇచ్చాడు. మంచి మందమైన కాగితం, అత్త దాన్ని విసనకర్ర చేసుకుంది.

రెండోది పాతది. రంగు వెలిసింది, ఫౌంటెను లేదు. కానీ మూడు అంచెలున్నాయి: తమంతట తాము వండుకుని తిరిగేవాళ్ళ ఇళ్ళు, స్నానానికీ మందులకీ ఒక మనిషి తోడు కావలసినవాళ్ళ గదులు, చివర మంచానికే పరిమితమైనవాళ్ళ వార్డు. అమెరికాలో ఇలా ఒకే ఆవరణలో చివరిదాకా చూసే పద్ధతి ఎప్పటినుంచో ఉంది. నిన్న రాత్రి ఫోనులో న్యూజెర్సీ మరదలు వివరంగా చెప్పింది. అక్కడ చేరేటప్పుడే పెద్ద మొత్తం కడతారు, ఆపైన నెలనెలా రుసుము. ఒకరకం ఒప్పందంలో మొదటే ఎక్కువ కడితే, నర్సింగు విభాగానికి మారాక కూడా నెల రుసుము అంతగా పెరగదు. ఇంకోరకంలో చేరిక చవక, కానీ మంచాన పడ్డ రోజునుంచి బజారు ధర. చవకగా ఉందని రెండోది తీసుకున్నవాళ్ళకు భారం ఆఖర్లో మీద పడుతుంది.

మేనేజరు ముందుగా తోట చూపిస్తానంటాడు. అత్త చివరి వార్డు చూపించమంటుంది. ఇక్కడే ఆమె తెలివి నాకు నచ్చింది. పెళ్ళిచూపుల్లో ముందు వంటిల్లు చూసే మనిషి ఆమె.

రండి, మీరూ చెప్పులు వదిలి రండి. పొడుగాటి గది, డెటాలు వాసన, దానికింద ఇంకో వాసన. కిటికీ పక్క మంచంమీద ఒక పెద్దావిడ, బొట్టు పెట్టి జడ వేసి ఉంది. అంటే పొద్దున్నే ఎవరో ఓపిగ్గా దువ్వారన్నమాట, అది గమనించండి. ఆవిడ మనల్ని చూసి "దప్పికవుతాంది" అంటుంది. పక్కనున్న అమ్మాయి ఒడిశానుంచి వచ్చింది, తమిళం కాస్త పట్టుకుంది. ఆ మాట అర్థంకాక దుప్పటి సర్దుతుంది. "దప్పిక" అంటుంది పెద్దావిడ మళ్ళీ. అత్త సీసా అందుకుని తాగించింది. తర్వాత ఆ పిల్లను పక్కకు పిలిచి, తమిళంలో చెప్పి, దప్పిక, ఆకలి, నొప్పి, చలి అనే మాటలు నాలుగైదుసార్లు అనిపించింది. టీచరు కదా.

మతిమరుపు జబ్బులో కొందరికి తర్వాత నేర్చిన భాష ముందు జారిపోయి, చిన్ననాటి భాష మిగులుతుంది. ఈ ఊళ్ళో ఇప్పుడు తమిళంలో బేరమాడి, బ్యాంకులో సంతకం పెట్టి, కండక్టరుతో పోట్లాడే మనిషికి రేపు ఏ మాట మిగులుతుందో ఆలోచించండి. బ్రోచరులో లిఫ్టు ఉంటుంది, ర్యాంపు ఉంటుంది, ఈ సంగతి ఉండదు. వార్డులో తెలుగు తెలిసిన ఆయమ్మ రాత్రి డ్యూటీలో ఎందరని నేను అడిగాను. ఒకరే, వారానికి మూడు రాత్రులు. అత్త రాసుకుంది.

ఆఫీసు గదిలో ఫ్యాను కింద ఒప్పందం చదవడానికి కూర్చుంటాం. 2011 జనాభా లెక్కల్లో అరవై దాటినవాళ్ళు దేశంలో 8.6 శాతమైతే తమిళనాడులో 10.4 శాతం. అందుకే ఈ వ్యాపారం ఈ రాష్ట్రంలో ఇంత ఊపుమీద ఉంది. కేంద్ర గృహనిర్మాణ శాఖ 2019లో ఇలాంటి కాలనీలకు నమూనా మార్గదర్శకాలు ఇచ్చింది. కట్టినవాడు, సేవలు నడిపేవాడు, కొన్నవాడు, ముగ్గురి మధ్యా ఒప్పందం ఉండాలన్నది అందులోదే. నమూనా నమూనాయే, కాబట్టి సంతకం పెట్టే కాగితాన్ని మన కళ్ళతో మనం చదవాల్సిందే. ఇక్కడ ఇల్లు కొనడం లేదు, డిపాజిటు కట్టి ఉండటం. మనిషి పోయాక డిపాజిటు ఎన్నాళ్ళకు తిరిగొస్తుంది, ఎంత కోస్తారు, ఎవరి చేతికిస్తారు, అన్నీ ఉన్నాయి. నెల రుసుము ఏటా ఎంత పెరగవచ్చో కూడా ఉంది. అత్త వేలు పదకొండో పేజీలో ఆగింది. నిరంతర సంరక్షణ అవసరమైన నివాసిని వార్డుకు మార్చడమో, బయటికి పంపడమో యాజమాన్యం నిర్ణయిస్తుందని అక్కడ రాసి ఉంది.

"బయటికంటే యాడికి?"

"అది ఊరికే లాయర్లు రాసే మాటమ్మా. మేమెవురినీ పంపింది లేదు."

"పంపనప్పుడు రాసేది ఎందుకు?"

ఈలోగా బెంగుళూరు నుంచి ఫోను. మణవాళనగర్ ఇల్లు తన పేర రాసిస్తే డిపాజిటు తానే కడతానంటున్నాడు కొడుకు. మంచివాడే, నేను ఎరుగుదును. అయినా 2007 నాటి తల్లిదండ్రుల, వయోవృద్ధుల సంరక్షణ చట్టంలో 23వ సెక్షను గురించి అత్తకు చెప్పాను. చూసుకుంటానన్న షరతుమీద ఆస్తి రాసిచ్చి, చూసుకోకపోతే ఆ పత్రాన్ని రద్దు చేయించవచ్చు. ఆ షరతు సెటిల్‌మెంటు పత్రంలోనే ఉంటే గొడవ తక్కువ, నోటిమాటైతే దాన్ని నిరూపించడానికి ట్రిబ్యునలు చుట్టూ తిరగాలి. అత్త ఫోనులో ఒక్కటే చెప్పింది: "ఇల్లు అమ్మేది లేదు, రాసేది లేదు. మూన్నెల్లు ఈడ బాడుగకి ఉండి చూస్తా. ఈళ్ళు పెట్టే సాంబారు నాకు పడాల కదా ముందు."

పెట్టేసి మేనేజరు వైపు తిరిగింది. బయటికి పంపడమన్న మాట తీసేయాలి, వార్డుకు మార్చాలంటే తన డాక్టరు కూడా ఒప్పుకోవాలి, ఈ రెండూ రాసి సంతకం పెట్టివ్వమంది. ఆయన చెమట తుడుచుకుని, చెన్నైలో పెద్దవాళ్ళను అడగాలన్నాడు.

"అడుగు నాయనా, ఫోను ఉండాది కదా. అది కాయితం మీదికి వచ్చేదాకా నేను ఈ కుర్చీలోంచి లేసేది లేదు. అసలే మోకాలు నొప్పి. ఇంతకీ ఈడ కాఫీ ఎన్నిగంటలకి ఇస్తారు?"