మాల్కం నెత్తి మీద కాస్టిక్ సోడా

మిత్రులారా, ఈ భాగం మొదలుపెట్టే ముందు ఒక తప్పు ఒప్పుకోవాలి.

రెండేళ్ల కిందట ఒక హాస్టల్లో స్టడీ సర్కిల్ నడిపాను. ఆ రోజు మాట్లాడింది మాల్కం ఎక్స్ ఆత్మకథ గురించి. అతను జుట్టు సాఫు చేయించుకున్న ఘట్టం వచ్చేసరికి నాకు ఊపొచ్చింది. "మన జుట్టును మనమే అసహ్యించుకుంటే ఇంక బానిసత్వం బయటెక్కడో లేదు, మన నెత్తి మీదే ఉంది" అన్నాను. ముందు వరుసలో ఒక తమ్ముడు కూర్చున్నాడు. ఉంగరాల జుట్టు. దాన్ని భుజాల దాకా పెంచి, సెలూన్‌లో స్ట్రెయిటెనింగ్ చేయించుకున్నాడు. అందరూ అతని వైపు చూసి నవ్వారు. నేనూ నవ్వాను. తర్వాతి వారం అతను రాలేదు. ఆ తర్వాత కూడా రాలేదు.

అప్పుడు ఆ పుస్తకాన్ని మళ్లీ చదివాను. నేను ఆ రోజు చెప్పింది సగం చరిత్రే. మిగతా సగం ఈ రోజు రాస్తున్నాను.

మాల్కం లిటిల్ 1925లో ఒమాహాలో పుట్టాడు. తండ్రి మార్కస్ గార్వీ ఉద్యమంలో పనిచేసినవాడు. అంటే నల్లజాతి ఆత్మగౌరవం మాటలు వినే ఇంట్లో పెరిగిన పిల్లవాడు. 1941లో బోస్టన్ చేరాడు. డ్యాన్స్ హాల్లో బూట్లు పాలిష్ చేశాడు. అక్కడ కుర్రాళ్లందరిదీ 'కాంక్' తల. కాంగొలీన్ అనే మందుతో జుట్టు సాఫు చేసుకోవడం వల్ల ఆ పేరు వచ్చింది. మంగలి షాపులో చేయించుకుంటే మూడు నాలుగు డాలర్లు. అంత ఎక్కడినుంచి వస్తుంది? మాల్కం జుట్టు సరిపడా పెరిగాక, షార్టీ అనే స్నేహితుడు ఇంట్లోనే చేస్తానన్నాడు. కాస్టిక్ సోడా, రెండు కోడిగుడ్లు, రెండు బంగాళాదుంపలు. అదీ సరంజామా. తలకూ మెడకూ చెవులకూ వాజలీన్ దట్టంగా పట్టించి ఆ ముద్ద పూశాడు. నెత్తికి నిప్పంటుకున్నట్టయింది. కళ్ల వెంట నీళ్లు, ముక్కు వెంట నీళ్లు. ఆగలేక తిట్టుకుంటూ నీళ్ల తొట్టి దగ్గరికి పరిగెత్తాడు. తర్వాత అద్దంలో చూసుకుంటే జుట్టు తెల్లవాళ్ల జుట్టులా జారుతోంది. మురిసిపోయాడు.

ఆ మంట ఎందుకో కూడా తెలుసుకోవాలి. వెంట్రుక కెరాటిన్ అనే ప్రొటీన్. దాని పోగుల మధ్య గంధకం బంధాలుంటాయి. ఉంగరం ఆకారాన్ని పట్టి ఉంచడంలో వాటిదే పెద్ద పాత్ర. గాఢమైన క్షారం ఆ బంధాల్ని తెంచుతుంది. కానీ ఆ క్షారానికి వెంట్రుకా తెలియదు, చర్మమూ తెలియదు. రెంటినీ తింటుంది. పైగా కుదుళ్ల నుంచి వచ్చే కొత్త జుట్టు మళ్లీ ఉంగరాలుగానే వస్తుంది. కాబట్టి కొన్ని వారాలకోసారి మళ్లీ అదే మంట. ప్రకృతి ఓడదు. మనిషే ప్రతి నెలా కాలుతూ ఉండాలి.

ఈ మందుల చరిత్రలో మనవాళ్లలాంటి వాళ్లే కనబడతారు. గారెట్ మోర్గాన్ 1877లో కెంటకీలో పుట్టాడు. అతని తల్లిదండ్రులు బానిసత్వం నుంచి బయటపడినవాళ్లు. క్లీవ్‌లాండ్‌లో కుట్టుమిషన్లు బాగుచేసేవాడు. సూది రాపిడికి ఉన్ని గుడ్డ కమిలిపోకుండా ఒక ద్రావకం తయారు చేయబోతే, అది బొచ్చును సాఫు చేయడం చూశాడు. 1913లో దాని మీద కంపెనీ పెట్టాడు. పొగలో ఊపిరాడేలా చేసే ముసుగు కనిపెట్టింది కూడా ఇతనే. నల్లవాడు చేశాడంటే కొనరని, ఆ ముసుగును ప్రదర్శించడానికి ఒక తెల్ల నటుణ్ణి కూలికి పెట్టుకున్నాడు. జుట్టు కాదు, మనిషినే దాచాల్సి వచ్చింది.

జార్జ్ జాన్సన్ కథా అంతే. 1954లో షికాగోలో మగవాళ్ల జుట్టు సాఫు చేసే క్రీముతో కంపెనీ మొదలుపెట్టాడు. వ్యాపారానికంటే అప్పు ఇవ్వలేదు. విహారయాత్రకు అని చెబితే 250 డాలర్లు ఇచ్చారు. నల్లవాడు ఖర్చు పెడతానంటే నమ్మారు, సంపాదిస్తానంటే నమ్మలేదు.

మరి కాంక్ అంటే తెల్లవాళ్లలా కనిపించాలన్న కోరికేనా? మాల్కం అలాగే రాశాడు. తన పతనంలో అది మొదటి పెద్ద అడుగు అన్నాడు. కానీ చరిత్రకారుడు రాబిన్ కెల్లీ ఇంకో మాట చెప్పాడు. పగలంతా బూట్లు తుడిచే, గిన్నెలు కడిగే కుర్రాడు సాయంత్రం జూట్ సూట్ వేసి, కాంక్ దువ్వుకుని బయటకొస్తే, 'నేను మీ పనివాణ్ణి మాత్రమే కాదు' అని చెప్పడం కూడా అందులో ఉందన్నాడు. ఆ శైలి తెల్ల దొరలది కాదు. అలాంటి తల ఏ తెల్ల బ్యాంకు మేనేజరుకూ లేదు. రెండూ నిజమే అనుకుంటాను. అవమానం, ధిక్కారం ఒకే తల మీద ఉండగలవు.

1966లో ఓక్లాండ్‌లో బ్లాక్ పాంథర్ పార్టీ పుట్టింది. ఆఫ్రో జుట్టు జెండా అయింది. 1968లో జేమ్స్ బ్రౌన్ నల్లవాణ్ణని గర్వంగా చెప్పుకొనే పాట పాడి, ఎన్నో ఏళ్లుగా సాఫు చేయించుకున్న జుట్టును వదిలేశాడు. కొన్నాళ్లకు మళ్లీ పాత పద్ధతికే వెళ్లాడు. అంతమాత్రాన ఆ పాట అబద్ధమైపోయిందా? లేదు. జాన్సన్ కంపెనీ కూడా ఆఫ్రోకు మెరుపునిచ్చే నూనె అమ్మింది. అప్పుడు సాఫు జుట్టు అమ్మిన మార్కెట్టే ఇప్పుడు విముక్తి జుట్టునూ అమ్మింది. జుట్టు ఒక్కటే విప్లవమైతే దాన్ని సీసాలో పోసి అమ్మడం ఎంతసేపు?

ఆ పాంథర్ల పేరునే తీసుకుని 1972లో బొంబాయిలో నామ్‌దేవ్ ఢసాల్, జె.వి. పవార్, రాజా ఢాలే వంటి యువకులు దళిత్ పాంథర్స్ పెట్టారు. వాళ్లు అక్కడినుంచి తెచ్చుకుంది జుట్టు కాదు, ఎదురుతిరగడం. మన స్టడీ సర్కిళ్లలో మాల్కం పేరు వినిపించడానికి దారి వేసిన వాటిలో అదొకటి.

పోరాటం అయిపోలేదు. జుట్టు తీరును బట్టి వివక్ష చూపకూడదని 2019లో కాలిఫోర్నియా 'క్రౌన్' చట్టం చేసింది. అలాంటిదే 2023 సెప్టెంబరు 1న టెక్సాస్‌లో అమల్లోకి వచ్చింది. సరిగ్గా ఆ వారంలోనే అక్కడొక నల్లజాతి కుర్రాణ్ణి జడలు పొడుగ్గా ఉన్నాయని బడి వాళ్లు క్లాసు నుంచి బయట పెట్టారు. 2024 ఫిబ్రవరిలో జడ్జి బడి పక్షానే తీర్పిచ్చాడు. చట్టం జడను కాపాడుతుందట, దాని పొడవును కాదట. సాఫు చేసుకుంటే ఆత్మద్రోహి. పెంచుకుంటే క్రమశిక్షణ లేనివాడు. ఎటు తిరిగినా తప్పు తలదే.

ఇప్పుడు నా తప్పు ఏమిటో చెప్పగలను. మాల్కం ఆ మాట అన్నది తన తల గురించి. ఆ మంట తాను భరించి, ఆ అద్దం ముందు తాను మురిసి, తర్వాత తనను తానే బోనులో నిలబెట్టాడు. నేను ఆ తమ్ముణ్ణి నిలబెట్టాను. మాల్కం కోపాన్ని అరువు తెచ్చుకున్నాను, మంటను మాత్రం తెచ్చుకోలేదు. అతన్ని ఆ సెలూన్ కుర్చీ దాకా నడిపించిందేమిటో ఒక్క ప్రశ్న వేయలేదు. ఇంటర్వ్యూలో ఎవరైనా ఏమైనా అన్నారా? క్లాసులో పేరు పెట్టారా? లేక అతనికి అలా బాగుంది, అంతేనా? అలా బాగుండడం కూడా అతని హక్కే.

మన పిల్లల్ని సభలో నిలబెట్టి సిగ్గుపడేలా చేయడం పాత పని. అది చేయడానికి ఊళ్లో వేరేవాళ్లు ఎప్పుడూ ఉన్నారు. ఆ పని మనం అందుకోవద్దు. 'నల్లది అందం' అని చెప్పాలి, తప్పకుండా చెప్పాలి. కానీ అది విన్న తమ్ముడు కొంచెం తలెత్తుకునేలా చెప్పాలి.

తమ్ముడూ, ఇది నువ్వు చదువుతావో లేదో. ఆ రోజు నవ్వినందుకు క్షమించు. వచ్చే ఆదివారం స్టడీ సర్కిల్ ఉంది. నీ జుట్టు ఎలా ఉన్నా రా. మాల్కం గురించి ఈసారి నువ్వు మాట్లాడు, నేను వింటాను.

జై భీమ్.