నూట ఎనభై రోజుల గడువు

వడ్డాది నుంచి, చోడవరం చుట్టుపక్కల ఊళ్ల నుంచి అమెరికాలో ఉద్యోగాలకు వస్తున్న పిల్లల అమ్మానాన్నల కోసం ఇది రాస్తున్నాను.

ఇక్కడ జాతి, రంగు, మతం, ఆడ మగ, పుట్టిన దేశం చూసి ఉద్యోగంలో తేడా చూపకూడదని 1964లో చట్టం వచ్చింది. వీసా మీద పనిచేసేవాళ్లకూ అది వర్తిస్తుంది. కానీ ప్రభుత్వ సంస్థకు ఫిర్యాదు చేయడానికి మొదట్లో 90 రోజులే గడువు. 1972లో దాన్ని 180 చేశారు, అలాంటి సొంత సంస్థలున్న రాష్ట్రాల్లో 300. హక్కు ఉన్నా గడువు దాటితే తలుపు మూసుకుపోతుంది.

అలబామాలోని గుడ్‌ఇయర్ టైర్ల ఫ్యాక్టరీలో లిలీ లెడ్‌బెటర్ 1979 నుంచి 1998 దాకా పనిచేసింది. అదే పని చేసే మగవాళ్లకన్నా తన జీతం తక్కువని ఎవరో పేరు రాయకుండా పెట్టిన చీటీ చూశాకే తెలిసింది. జూరీ ఆమె పక్షానే తీర్పిచ్చింది. 2007లో సుప్రీంకోర్టు ఆమె కేసును 5-4తో కొట్టేసింది: జీతం నిర్ణయించిన 180 రోజుల్లోపే అడగాలి అని. జీతాల సంగతి ఎవరూ బయటపెట్టని చోట ఆ మాట ఎంత అన్యాయం! జస్టిస్ రూత్ బేడర్ గిన్స్‌బర్గ్ తన అసమ్మతిని కోర్టు హాల్లో చదివి వినిపించారు. 2009 జనవరి 29న ఒబామా సంతకంతో చట్టం మారింది. తక్కువ జీతం చేతికొచ్చిన ప్రతిసారీ గడువు కొత్తగా మొదలవుతుంది. లెడ్‌బెటర్‌కు మాత్రం దానివల్ల పైసా రాలేదు.

ఆ మార్పు జీతాలకే. ఉద్యోగం తీసేస్తే పాత లెక్కే. 1980లో కొలంబస్ రిక్స్ అనే నల్లజాతి అధ్యాపకుడి కేసులో సుప్రీంకోర్టు తేల్చింది: చివరి పనిరోజు నుంచి కాదు, నిర్ణయం చెప్పిన రోజు నుంచే గడువు నడుస్తుంది. హెచ్‌ఆర్‌కు మొరపెట్టుకున్నా అది ఆగదు. హెచ్‌1బీ వీసా మీదున్న పిల్లలకు ఉద్యోగం పోతే కొత్తది వెతుక్కోవడానికి మహా అయితే 60 రోజులు. ఆ కంగారులో ఫిర్యాదు ఎవరికి గుర్తుంటుంది?

విశాఖలో పనిచేసే ఆడపిల్లలకూ ఇలాంటి గడువే ఉంది. పనిచోట లైంగిక వేధింపులపై 2013 చట్టం ప్రకారం మూడు నెలల్లో విచారణ కమిటీకి రాతపూర్వకంగా ఫిర్యాదు చేయాలి. తగిన కారణముంటే కమిటీ ఇంకో మూడు నెలలు పెంచొచ్చు.

మీ పిల్లలు ఫోన్ చేసి ఆఫీసులో అన్యాయం జరిగిందంటే, సర్దుకుపొమ్మనకండి. ఆఫీసువాళ్లు ఆ నిర్ణయం ఏ తేదీన చెప్పారో ముందు కాగితం మీద రాయించండి, ఆ వారంలోనే లాయరును కలవమనండి.