సీసపు జబ్బు లెక్కకెక్కిన కథ

మన సంఘంలో వైద్యులకూ ఇంజనీర్లకూ కొదవలేదు. పనిచోట ఎవరికైనా దెబ్బ తగిలితే ఫారం నింపడం, పని మూలంగా జబ్బు వస్తే కారణం వెతకడం మనలో చాలామందికి ఉద్యోగధర్మం. కాని 1910కి ముందు ఈ దేశంలో పనివల్ల వచ్చే జబ్బులకు చెప్పుకోదగ్గ లెక్కే లేదు. ఆ లెక్కకు శ్రీకారం చుట్టిన వారిలో డాక్టర్ ఆలిస్ హామిల్టన్ ముఖ్యురాలు. ఆమె గురించి మన కుటుంబాలకు నాలుగు మాటలు చెప్పాలని మా ఉద్దేశం.

ఆమె 1869లో పుట్టింది. 1893లో మిషిగన్ విశ్వవిద్యాలయంలో వైద్యపట్టా పుచ్చుకుంది. 1897 నుంచి షికాగోలో హల్ హౌస్ అనే సేవాసంస్థలో కాపురముంది. చుట్టూ ఉన్నవారంతా ఇటలీ, పోలండు వంటి దేశాలనుంచి బతుకుతెరువు కోసం వచ్చిన కూలిజనం. వారూ మనలాగే సముద్రం దాటి వచ్చినవారే. మనకున్న చదువూ, ఇంగ్లీషూ వారికి లేవు, అంతే తేడా. బలిష్ఠులైన మగవాళ్లు కొద్దినెలల్లోనే కడుపునొప్పితో మెలికలు తిరగడం, మణికట్లు పడిపోయి చేతులు వేలాడిపోవడం ఆ పేటల్లో కనిపించేది. అవి సీసపు విషం లక్షణాలు.

1910లో ఇల్లినాయ్ రాష్ట్రం వృత్తిరోగాల పరిశీలన చేయించింది. దాన్ని నడిపే బాధ్యత ఆమెకు అప్పగించారు. సీసం సంగతి తాను స్వయంగా చూసుకుంది. ఫ్యాక్టరీలోకి హక్కుగా వెళ్లే చట్టబలం ఆమెకు లేదు. యజమాని రానిస్తేనే ప్రవేశం. యజమానులు మర్యాదగానే మాట్లాడేవారు. తమవద్ద జబ్బులే లేవనేవారు; ఉన్నా, పనివాళ్లు చేతులు కడుక్కోకుండా తిండి తినడమే కారణమనేవారు. జబ్బుపడ్డవాడు పని మానేసి పోతాడు, వాడి స్థానంలో మరొకడు వస్తాడు. ఇక ఫ్యాక్టరీలో రోగి ఎలా కనిపిస్తాడు? ఆస్పత్రి రికార్డులు చూద్దామంటే, రోగి పొగ తాగుతాడా, మద్యం తాగుతాడా అన్నది రాసి ఉండేది కాని, ఏ దుమ్ము పీల్చి బతుకుతున్నాడన్నది అరుదుగా ఉండేది. రోగిని నీ వృత్తి ఏమిటని కూడా అడగాలని ఇటలీ వైద్యుడు రమజ్జీని 1700లోనే పుస్తకం రాసి చెప్పాడు. రెండు వందల ఏళ్లు గడిచినా ఆ ప్రశ్న వైద్యులకు అలవాటు కాలేదు.

అంచేత ఆమె పేటలోని వైద్యులనూ, మందుల షాపులవాళ్లనూ, కార్మిక నాయకులనూ అడిగింది. రోగుల ఇళ్లకు వెళ్లింది. స్నానాల తొట్లకు ఎనామిల్ పూసే పోలిష్ కార్మికుడొకడు చేతులు పడిపోయి ఆస్పత్రిలో చేరాడు. యజమానులు తాము సీసమే వాడమని చెప్పి ఫ్యాక్టరీ చూపించారు. అక్కడి రంగులో నిజంగానే సీసం లేదు! ఆమె తికమకపడి రోగి ఇంటికే వెళ్లి అడిగితే, ఆమె చూసింది చివరి మెరుగులు దిద్దే చోటని, అసలు ఎనామిల్ పని ఊరికి మరో మూల జరుగుతుందని అతను చెప్పాడు. అక్కడికి వెళ్లి చూస్తే, ఎర్రగా కాలిన తొట్టిమీద ఎనామిల్ పొడి చల్లుతున్నారు. గాలినిండా ఆ దుమ్మే. పొడిని పరీక్ష చేయిస్తే సీసం బయటపడింది.

లెక్కలో ఆమె మహా ఖచ్చితమైన మనిషి. చిగుళ్ల అంచున సీసం వదిలే నల్లని గీత స్పష్టంగా కనిపించనిదే తాను పరీక్షించిన మనిషిని రోగిగా రాసుకునేది కాదు. ఆ విధంగా 578 కేసులు రుజువయ్యాయి. సీసం వాడే పనులు డెబ్బైకి పైగా తేలాయి. చేతుల మురికికంటె పీల్చే దుమ్మూ పొగా పెద్ద శత్రువులని స్పష్టమైంది.

రాసిపెట్టిన లెక్కకు ఎంత బలముందో చెప్పడానికి ఒక ఉదాహరణ. నేషనల్ లెడ్ కంపెనీ పెద్దలలో ఒకరైన ఎడ్వర్డ్ కార్నిష్ మొదట ఆమె మాట నమ్మలేదు. రుజువు చూపిస్తే మాత్రం చెప్పినట్లు చేస్తానన్నాడు. ఆమె ఆస్పత్రి పాలైన 22 మంది వివరాలు తెచ్చి ముందుంచింది. ఆయన మాట నిలబెట్టుకుని దుమ్మును అరికట్టే ఏర్పాట్లు చేయించాడు, వైద్యులను నియమించాడు. 1911లో ఇల్లినాయ్ శాసనసభ చట్టం చేసింది: ప్రమాదకరమైన పనుల్లో ఉన్నవారికి నెలనెలా వైద్యపరీక్ష జరగాలి, జబ్బు కనిపిస్తే ప్రభుత్వానికి తెలియజేయాలి.

1919లో హార్వర్డ్ విశ్వవిద్యాలయం ఆమెను అధ్యాపకురాలిగా పిలిచింది. అక్కడ ఆ పదవి పొందిన మొదటి స్త్రీ ఆమే. పట్టాల ఊరేగింపులో మాత్రం నడవకూడదన్నారు! 1970 సెప్టెంబరులో, 101వ ఏట కన్నుమూసింది. దేశమంతటికీ వర్తించే కార్మిక ఆరోగ్య రక్షణ చట్టం మీద అధ్యక్షుని సంతకం పడింది అదే సంవత్సరం డిసెంబరు 29న. ఆ చట్టం కింద 1978లో సీసానికి ప్రత్యేక నిబంధనలు వచ్చాయి. రక్తంలో సీసం హెచ్చినవాణ్ణి ఆ పనినుంచి తప్పించాలి, జీతం తగ్గించకూడదు.

మన దేశంలోనూ 1948 నాటి ఫ్యాక్టరీల చట్టం ఇటువంటి రోగిని చూసిన వైద్యుడు ఇన్‌స్పెక్టరుకు రాసి పంపాలన్నది. ఆ చట్టంలోని జబ్బుల పట్టికలో మొదటి పేరు సీసపు విషానిదే. కాని పట్టిక చట్టంలో ఉన్నంత మాత్రాన చాలదు. రోగిని అడిగేవాడూ, రాసేవాడూ ఉండాలి.

ఇక్కడ పనిచోట మరణం సంభవిస్తే 8 గంటల్లో, ఎవరినైనా ఆస్పత్రిలో చేర్చవలసివస్తే 24 గంటల్లో ప్రభుత్వానికి తెలపాలి. ఫ్యాక్టరీల్లో గడిచిన ఏడాది గాయాల, జబ్బుల మొత్తం ఫిబ్రవరి నుంచి ఏప్రిల్ ఆఖరు దాకా అందరికీ కనబడేలా గోడమీద అంటించాలి. ఆ కాగితంలో సున్నా ఉంటే అందరికీ సంతోషమే. కాని అది జబ్బులు లేక వచ్చిన సున్నాయా, అడగక వచ్చిన సున్నాయా అన్నది తేల్చగలవారు మనలోనే ఉన్నారు. మన వైద్యులు దగ్గుతో వచ్చినవాణ్ణి ఏం పని చేస్తావని అడిగి, చెప్పింది రాసుకుంటే చాలు, డాక్టర్ హామిల్టన్ పని ముందుకు సాగినట్లే.