మసి గొట్టాల నుంచి రేకుల కప్పుల దాకా

1775లో లండన్ శస్త్రవైద్యుడు పెర్సివల్ పాట్, పొగగొట్టాలు దులిపే వాళ్ల వృషణకోశం మీద లేచే ప్రాణాంతకమైన పుండు గురించి రాశాడు. చిన్నప్పుడే ఇరుకు గొట్టాల్లోకి దూరిన వాళ్ల చర్మపు ముడతల్లో పేరుకున్న మసే దానికి మూలమని తేల్చాడు. ఒక వృత్తికీ క్యాన్సర్‌కీ ఉన్న బంధం అంత స్పష్టంగా బయటపడటం అదే మొదలు. అయినా బ్రిటన్‌లో పిల్లల్ని గొట్టాల్లోకి ఎక్కించడం నిజంగా ఆగింది 1875 చట్టంతోనే. నడుమ నూరేళ్లు గడిచిపోయాయి.

1895లో ఫ్రాంక్‌ఫర్ట్ వైద్యుడు లుడ్విగ్ రెన్ రంగుల ఫ్యాక్టరీ కార్మికుల్లో మూత్రాశయ కణితుల్ని గుర్తించాడు. 1915లో జపాన్ శాస్త్రవేత్తలు యమగివా, ఇచికావా కుందేళ్ల చెవులకు నెలల తరబడి తారు పూసి క్యాన్సర్ పుట్టించారు. 1938లో విల్‌హెల్మ్ హ్యూపర్ రంగుల పరిశ్రమలో వాడే బీటా నాఫ్థైలమీన్ కుక్కల మూత్రాశయంలో కణితులు తెస్తుందని చూపాడు. జపాన్ దాన్ని నిషేధించింది 1972లో.

ఆస్‌బెస్టాస్ కథా ఇంతే. ఆ ఫ్యాక్టరీ కార్మికుల్లో ఊపిరితిత్తుల క్యాన్సర్ ఎక్కువని 1955లో రిచర్డ్ డాల్ లెక్కలతో నిరూపించాడు. 1960లో వాగ్నర్ దక్షిణాఫ్రికా గనుల ప్రాంతంలో మీసోథీలియోమా (ఊపిరితిత్తుల పైపొరకు వచ్చే క్యాన్సర్) కేసుల్ని వెల్లడించాడు. పీల్చిన నార రోగంగా బయటపడటానికి ముప్పై నలభై ఏళ్లు పట్టవచ్చు. అప్పటికి కార్మికుడు పని మానేసి ఉంటాడు, యాజమాన్యం మారి ఉంటుంది. యూరోపియన్ యూనియన్ ఆస్‌బెస్టాస్‌ను 2005 నుంచి నిషేధించింది. మన దేశం మాత్రం తెల్ల ఆస్‌బెస్టాస్‌ను దిగుమతి చేసుకుంటూనే వచ్చింది. మన ఊళ్లలో ఎన్నో ఇళ్లకు ఆస్‌బెస్టాస్ సిమెంటు రేకులే కప్పు. వాటిని కోసేవాళ్లు, పగలగొట్టేవాళ్లు ఆ దుమ్ము పీలుస్తున్నారు.

ఇంత జాప్యం తప్పనిసరేమీ కాదు. 1974లో అమెరికాలోని లూయీవిల్‌లో ప్లాస్టిక్ ఫ్యాక్టరీ కార్మికులకు అరుదైన కాలేయ క్యాన్సర్ వచ్చిందని, దానికి వినైల్ క్లోరైడ్ కారణమని బయటపడింది. ఏడాది తిరగకుండానే ప్రభుత్వం గాలిలో ఆ వాయువు పరిమితిని పది లక్షల్లో 500 వంతుల నుంచి ఒక్క వంతుకు దించింది. పరిశ్రమ పద్ధతులు మార్చుకుంది, మూతపడలేదు. అదే ఏడాది అంతర్జాతీయ కార్మిక సంస్థ 139వ ఒప్పందం తెచ్చింది: క్యాన్సర్ కారకాల బదులు హాని తక్కువ పదార్థాలు వాడాలి, కార్మికుల రికార్డులు ఉంచాలి, పని మానేశాక కూడా వైద్య పరీక్షలు చేయించాలి.

ఈ చరిత్ర చెప్పేది ఒక్కటే: కారకాన్ని తీసేయడమే అసలైన నివారణ, మాస్కు చివరి రక్ష. ఆసుపత్రుల్లో క్యాన్సర్ రోగిని పొగ తాగుతారా అని అడిగినట్టే, ఇన్నేళ్లూ ఏ పని చేశారని కూడా అడిగి రాసుకోవాలి. ఆ లెక్క చేతిలో ఉంటే చట్టాన్ని నిలదీయవచ్చు.