నీరు, చక్రము, ఇనుపగుండు

ఈత, సైకిలు, పరుగు అను మూడింటిని నడుమ విశ్రాంతి లేక ఒకే ఊపున ముగింపవలసిన ట్రయాథ్లాన్ పందెము, అవయవలోపము గలవారి కొరకు పారాలింపిక్ క్రీడలలో మొట్టమొదట జరిగినది 2016లో, రియో నగరమున. 750 మీటర్ల ఈత, 20 కిలోమీటర్ల సైకిలు, 5 కిలోమీటర్ల పరుగు దాని కొలతలు. కాళ్లలో చలనము లేనివారు చేతులతో త్రిప్పు సైకిలు నెక్కి, పరుగునకు మారుగా పందెపు చక్రాల కుర్చీని నడపుదురు. ఇట్లు చక్రములపై పోటీచేయు పురుషులకు రియోలో పందెము కలదు గాని స్త్రీలకు లేదు. వారు టోక్యో క్రీడల వరకు వేచియుండవలసి వచ్చెను. ఆ టోక్యోలో అమెరికా వనిత కెండల్ గ్రెచ్, ఆస్ట్రేలియా వనిత లారెన్ పార్కరును ఒక్క సెకను తేడాతో దాటి స్వర్ణము గెలిచెను.

మన రాజధానీ ప్రాంతపు చరిత్రలో ఈ త్రివిధ విద్యకు మిక్కిలి చేరువగా జీవించిన వ్యక్తి దీపా మలిక్. నీటిలో ఆరంభించి, చక్రములపై సాగి, తుదకు నేలకు బిగించిన ఆసనముపై కూర్చుండి ఇనుపగుండు విసరుటలో శిఖరము నందుకొనిన ఆమె క్రీడాజీవితమును ఒక స్త్రీ సాహసగాథగా మాత్రమే చెప్పి విడుచుట అన్యాయమని నా నమ్మకము. శరీరలోపము గల క్రీడాకారుని ఈ దేశము ఎన్నడు, ఎంతవరకు, ఏ నిబంధనలపై రానిచ్చినదో తెలుపు చరిత్ర యంతయు అందిమిడి యున్నది.

ఆ చరిత్రకు మూలము యుద్ధము. 1948 జూలై 29న, లండన్ ఒలింపిక్ క్రీడలు ప్రారంభమైన దినముననే, ఇంగ్లండులోని స్టోక్ మాండెవిల్ వైద్యశాలలో లుడ్విగ్ గుట్‌మన్ అను వైద్యుడు, క్షతగాత్రులై చక్రాల కుర్చీలకు పరిమితులైన 16 మందిచేత విలువిద్యా పందెము జరిపించెను. అంతకు పూర్వము వెన్నుపాము తెగినవారు మంచమునంటిన పుండ్లతో, మూత్రకోశ వ్యాధులతో స్వల్పకాలముననే గతించుచుండిరి. వారి ప్రాణములు నిలుపు చికిత్సలో ఆటను ఒక ఔషధముగా ఆయన చేర్చెను. ఆ భావము మన దేశమునకు వచ్చినది సైనికుల వెంటనే. 1965 మే నెలలో ఎవరెస్టు శిఖరమున నిలిచిన మేజర్ హరిపాల్ సింగ్ అహ్లూవాలియా, అదే సంవత్సరమున పాకిస్తానుతో జరిగిన యుద్ధమున వెన్నుపాముకు తూటా తగిలి నడక కోల్పోయి, స్టోక్ మాండెవిల్‌లోనే చికిత్స పొంది, అనంతరకాలమున ఢిల్లీ వసంత్‌కుంజ్‌లో వెన్నుపాము గాయములకై ప్రత్యేక వైద్యశాలను నెలకొల్పెను. అదే యుద్ధమున గాయపడిన మరియొక సైనికుడు, ముష్టియోధుడైన మురళీకాంత్ పేట్కర్, ఈతను ఆశ్రయించి 1972లో జర్మనీలోని హైడెల్‌బర్గున 50 మీటర్ల పందెములో స్వర్ణపతకము గెలిచెను. పారాలింపిక్ క్రీడలలో భారతదేశమునకు దక్కిన తొలి స్వర్ణమది. దానికి గుర్తింపుగా పద్మశ్రీ బిరుదు ఆయనను చేరునప్పటికి సంవత్సరము 2018. నలువదియారేండ్ల ఆ జాప్యమును తలచినపుడెల్ల మనస్సు కలుక్కుమనును.

దీపా మలిక్ కథయు సైనిక కుటుంబపు కథయే. హర్యానాలో సోనీపత్ జిల్లాకు చెందిన భైంస్వాల్ ఆమె స్వగ్రామము, జననము 1970. 1999లో వెన్నుపాములోని కణితికి శస్త్రచికిత్సలు జరుగుచుండగా, సైన్యాధికారియైన భర్త కార్గిల్ యుద్ధరంగమున నుండెను. మూడు శస్త్రచికిత్సలు, భుజముల నడుమ 183 కుట్లు. ఛాతీ నుండి క్రిందికి శరీరము చలనము కోల్పోయెను. ఇద్దరు చిన్నబిడ్డల తల్లి. పిదప అహ్మద్‌నగరులో భోజనశాల నడపి జీవనమున నిలద్రొక్కుకొనిన ఆమె, ముప్పదియేండ్లు దాటిన పిమ్మట ఈతకొలనులో దిగెను. 2006లో కౌలాలంపూరున అవయవలోపము గలవారికై జరిగిన ఫెస్పిక్ క్రీడలలో వెల్లకిల ఈతకు రజతము పొంది, 2008లో అలహాబాదు వద్ద యమునలో ప్రవాహమునకు ఎదురుగా ఒక కిలోమీటరు ఈదెను. ఉదరమునందును నడుమునందును కండరములు సహకరింపని శరీరమునకు నీటిలో తేలియుండుటయే ఒక విద్య. ఎదురీతకు సమస్తభారమును భుజములే మోయవలెను. అనంతరము ఆమె చేతులతోనే నడుపుటకు వీలుగా మార్చిన వాహనములపై 2009లో రెయిడ్-ద-హిమాలయ, 2010లో డెజర్ట్ స్టార్మ్ అను కఠిన యాత్రలలో పాల్గొనెను. అందుకు అనుమతి పొందుటకు ఆమె కార్యాలయముల చుట్టు తిరిగిన తిరుగుళ్లు కొండదారుల కంటె తక్కువవి కావు.

తుదకు ఆమె వృత్తిగా నిలిచినవి విసురు క్రీడలు. కూర్చుండి విసరువారి పోటీని స్వయముగా చూచినవారికే అందలి క్లేశము తెలియును. వలయములో ఇనుప చట్రమును తాళ్లతో నేలకు బంధింతురు. క్రీడాకారిణి తొడలను, కాళ్లను పట్టీలతో ఆ చట్రమునకు బిగింతురు. విసరునపుడు పిరుదులు ఆసనము నుండి లేచినచో ఆ విసురు చెల్లదు. వంతులవారీగా గాక తన విసురులన్నింటిని ఒకదానివెంట నొకటిగా ముగింపవలెను. దీనికితోడు ఢిల్లీ ఎండ యొకటి. ఛాతీ క్రింద నరముల సంబంధము తెగినవారికి ఆ భాగమున చెమట పట్టదు. దేహము వేడిని బయటికి పంపుకొనలేదు. జ్యేష్ఠమాసపు గుర్గావ్‌లో సాధన చేయవలెనన్నచో సూర్యోదయమునకు ముందే మైదానము చేరవలెను, తడిబట్టలను దగ్గర నుంచుకొనవలెను. ఇట్టి శ్రమపై 2011లో క్రైస్ట్‌చర్చ్ ప్రపంచ పోటీలలో గుండు విసరుటలో రజతము, 2012లో అర్జున పురస్కారము, 2014లో ఇంచియాన్ ఆసియా పారా క్రీడలలో ఈటెకు రజతము ఆమెకు లభించినవి. 2016లో రియోలో తనవంటి శరీరస్థితి గలవారి ఎఫ్53 వర్గమున గుండును 4.61 మీటర్లు విసరి రజతము గెలిచి, పారాలింపిక్ పతకము నొందిన ప్రథమ భారతీయ మహిళ యయ్యెను. అప్పటికామెకు నలువదియైదేండ్లు, ఖేల్ రత్న లభించునప్పటికి 2019. అంతలో ఆ వర్గపు గుండుపోటీని టోక్యో పట్టికనుండి తొలగించిరి. క్రీడాకారిణి దేహము గాక, పట్టిక వ్రాయువారి కలమే ఆమె వృత్తి యాయుర్దాయమును నిర్ణయించుట నాకు మిక్కిలి బాధాకరముగా తోచుచున్నది.

2020లో ఆమె భారత పారాలింపిక్ సంఘమునకు అధ్యక్షురాలయ్యెను. మన దేశమునుండి రియో పారాలింపిక్ క్రీడలకు 19 మంది వెళ్లిరి. టోక్యోకు 54, పారిస్‌కు 84. పతకములు 4 నుండి 19కి, అటనుండి 29కి పెరిగినవి. రియోలోని నాలుగింటిలో రెండు ఈ రాజధానీ ప్రాంతపువే: ఒకటి దీపది, రెండవది గ్రేటర్ నోయిడాకు చెందిన వరుణ్ భాటి ఎత్తుదూకుటలో పొందిన కాంస్యము. సోనీపత్ కథ మరింత లోతైనది. కారు ప్రమాదమున కాలుచేతుల చలనము కోల్పోయిన అమిత్ సరోహా అచ్చట కర్రవిసురు నేర్చి, తరువాతివారికి గురువయ్యెను; కాలువలోనికి దుమికి లోతు తెలియక వెన్ను విరుగగొట్టుకొనిన ధరమ్‌బీర్ ఆయన శిక్షణలో 2024లో పారిస్‌లో స్వర్ణము గెలువగా, ఫరీదాబాద్ వాసి ప్రణవ్ సూర్మా అదే పందెమున రజతము పొందెను. మోటారుసైకిలు ప్రమాదమున కాలు పోగొట్టుకొనిన సుమిత్ అంతిల్ సైతము సోనీపత్ బిడ్డయే. టోక్యోలోను పారిస్‌లోను ఈటె స్వర్ణము ఆయనదే.

ఢిల్లీ నగరమునకు తన వంతు ఘట్టములు రెండు కలవు. 2010 కామన్వెల్త్ క్రీడలలో తలకటోరా ఈతకొలనులో, ఒక చేయి లోపించిన ప్రశాంత కర్మాకర్ 50 మీటర్ల పందెమున కాంస్యము గెలిచెను. కామన్వెల్త్ క్రీడలలో ఈతకు భారతీయుడెవ్వడును అంతకు పూర్వము పతకము తేలేదు. 2025 సెప్టెంబరు 27 మొదలు అక్టోబరు 5 వరకు జవహర్‌లాల్ నెహ్రూ క్రీడాప్రాంగణమున ప్రపంచ పారా అథ్లెటిక్స్ పోటీలు భారతదేశమున తొలిసారి జరుగగా, మన దేశమునకు 22 పతకములు వచ్చినవి. వానిలో వరంగల్ జిల్లా కల్లెడ గ్రామపు దీప్తి జీవంజి 400 మీటర్ల పరుగులో గెలిచిన రజతమొకటి.

పరుగునకును విసురునకును ఢిల్లీ ఇట్లు స్థానమిచ్చినది. ట్రయాథ్లాన్‌కు కావలసిన నీటి సంగతి వేరు. పారిస్‌లో సీన్ నది నీరు పరిశుభ్రముగా లేదని 2024లో ఆ పందెమును వాయిదావేసిరి. వజీరాబాద్ మొదలు ఓఖ్లా వరకు 22 కిలోమీటర్ల మేర యమున మురుగుకాలువల పాలై, ఈదుటకు తగని నీరై యున్నది. ఆ పందెమును కోరు ఢిల్లీ బాలిక నేడు 750 మీటర్లకై ఏబది మీటర్ల కొలనులో పదునైదు మారులు ఈ కొసనుండి ఆ కొసకు పోవలసినదే. అందులోనికి చక్రాల కుర్చీ దిగుటకు వాలుబాట యున్నచో.