పంపిణీ నిల్వ క్లస్టరులో పఠన జాప్యం

పంపిణీ నిల్వ క్లస్టరు అనగా సమాచారాన్ని ముక్కలుగా చేసి అనేక సర్వర్లలో భద్రపరచి, వాడుకరికి ఒకే భాండాగారంగా చూపే కంప్యూటర్ల సముదాయం. ఇందులో దాచిన ఫైళ్ళను తిరిగి చదవడానికి సాధారణం కన్నా ఎక్కువ సమయం పట్టడాన్ని పఠన జాప్యం అంటారు.

నేపథ్యం

గూగుల్ ఫైల్ సిస్టమ్‌ను వివరించే పత్రం 2003లో వెలువడింది. ఈ వ్యవస్థలో ఫైళ్ళను 64 మెగాబైట్ల ముక్కలుగా విభజించి, ఒక్కొక్క ముక్కకు సాధారణంగా మూడు ప్రతులు ఉంచేవారు. హడూప్, సెఫ్ వంటి స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్లు తరువాత వచ్చాయి. తెలంగాణలో అమెజాన్ వెబ్ సర్వీసెస్ సంస్థ 2022 నవంబరులో హైదరాబాదు కేంద్రంగా సేవలు ప్రారంభించింది.

సగటు వేగం, అసలు వేగం

ఒక పెద్ద ఫైలు అనేక సర్వర్లలో ఉన్నపుడు, అన్నిటికన్నా ఆలస్యంగా వచ్చిన ముక్కే మొత్తం సమయాన్ని నిర్ణయిస్తుంది. ఒక్కొక్క సర్వరు నూటికి ఒకసారి మాత్రమే ఆలస్యం చేస్తుందనుకుందాం. 100 సర్వర్లను ఒకేసారి అడిగే పనులలో సుమారు 63 శాతం ఏదో ఒక ఆలస్యానికి గురవుతాయి. అందువలన సగటు బాగున్నంత మాత్రాన క్లస్టరు ఆరోగ్యంగా ఉన్నట్లు కాదు.

ప్రధాన కారణాలు

* డిస్కు: నిమిషానికి 7200 సార్లు తిరిగే హార్డు డిస్కుకు ఒక చుట్టుకు 8.3 మిల్లీసెకన్లు పడుతుంది. పాడవుతున్న డిస్కు ఒకే చోటును పలుమార్లు చదవవలసి వచ్చి మరింత నెమ్మదిస్తుంది. సెఫ్‌లో పఠనం సాధారణంగా ప్రధాన ప్రతి నుండే జరుగుతుంది కనుక ఇటువంటి డిస్కు ఒక్కటున్నా ప్రభావం కనిపిస్తుంది.
* నెట్‌వర్కు: కేబులు లోపం వలన 1000 మెగాబిట్ల లంకె 100 మెగాబిట్లకు పడిపోతే సెకనుకు 12.5 మెగాబైట్లకు మించి రావు.
* పునర్నిర్మాణం: ఒక సర్వరు ఆగిపోయినపుడు దాని ప్రతులను మరొకచోట తయారుచేసే పని వాడుకరుల పఠనంతో పోటీ పడుతుంది.
* రద్దీ: గూగుల్‌లో ఒకే ముక్క గల ప్రోగ్రాము ఫైలును వందలాది యంత్రాలు ఒకేసారి అడగగా, దానిని దాచిన కొద్దిపాటి సర్వర్లు తట్టుకోలేకపోయాయి. అటువంటి ఫైళ్ళకు ప్రతుల సంఖ్య పెంచి, ప్రోగ్రాములు మొదలయ్యే సమయాలను ఎడంగా ఉంచి దీనిని సరిదిద్దారు.

దూరం ప్రభావం

కుమురం భీం ఆసిఫాబాద్ జిల్లా కేంద్రమైన ఆసిఫాబాద్ నుండి హైదరాబాదుకు తంతి మార్గం 300 కిలోమీటర్లు అనుకుంటే, గాజు తంతిలో కాంతి వెళ్ళి రావడానికి 3 మిల్లీసెకన్లు చాలు. ఒక్క ఫైలుకు ఇది లెక్కలోనిది కాదు. కాని 1000 చిన్న ఫైళ్ళను ఒకదాని తరువాత ఒకటి అడిగితే రాకపోకలకే 3 సెకన్లు అవుతుంది. అంతకు ఎన్నో రెట్లు ఆలస్యమైతే దూరం కాక వేరొక కారణాన్ని వెదకాలి.

నిర్ధారణ క్రమం

# జాప్యం అందరికీ ఉన్నదా, ఒక్క వాడుకరికే ఉన్నదా అని చూడాలి.
# ఐపర్ఫ్ ద్వారా సర్వర్ల మధ్య నెట్‌వర్కు వేగాన్ని విడిగా కొలవాలి.
# ఐఓస్టాట్ ద్వారా ఒక్కొక్క డిస్కు స్పందన సమయాన్ని తోటి డిస్కులతో పోల్చాలి.
# పునర్నిర్మాణం జరుగుతున్నదేమో పరిశీలించాలి.
# ఒకసారికి ఒక మార్పు మాత్రమే చేసి మరల కొలవాలి.

రెండవసారి చదివిన ఫైలు జ్ఞాపకశక్తి నుండి రావచ్చు. కనుక పరీక్షకు ఇంతకుముందు చదవని సమాచారాన్ని వాడాలి.

నివారణ, జాగ్రత్తలు

మొదటి ప్రతి నుండి జవాబు ఆలస్యమైతే అదే కోరికను రెండవ ప్రతికి పంపడం ఒక పద్ధతి. జెఫ్ డీన్, లూయిజ్ బరోసో 2013లో ప్రచురించిన వ్యాసం ప్రకారం, గూగుల్ బిగ్‌టేబుల్‌లో 100 సర్వర్ల నుండి 1000 విలువలు చదివే పరీక్షలో, 10 మిల్లీసెకన్లు ఆగి రెండవ కోరిక పంపడం వలన వెయ్యింటికి ఒకసారి కలిగే తీవ్ర జాప్యం 1800 నుండి 74 మిల్లీసెకన్లకు తగ్గింది. అదనపు కోరికలు 2 శాతం మాత్రమే.

నెమ్మదించిన డిస్కును తొందరపడి తొలగించరాదు. మిగిలిన ప్రతులు సరిగా ఉన్నాయని ముందుగా నిర్ధారించుకోవాలి. అప్పటికే ఇతర ప్రతులు పోయి ఉంటే, నెమ్మదిగా చదువుతున్న ఆ డిస్కులోనిదే ఆఖరి ప్రతి కావచ్చు. అప్పుడు వేగం కోసం చేసిన పని సమాచార నష్టానికి దారితీస్తుంది.