ఎత్తు పెంచే ఇంజెక్షన్: 1985కి ముందు, తర్వాత

మన విజయవాడ వన్ టౌన్‌లో "పొట్టిగా ఉన్నా తర్వాత ఎదుగుతాడులే" అనుకునే తల్లిదండ్రులు ఈ చరిత్ర వినాలి.

1958లో అమెరికా డాక్టరు మారిస్ రాబెన్, గ్రోత్ హార్మోన్‌తో 17 ఏళ్ల అబ్బాయి ఎత్తు పెరిగాడని రాశారు. ఆ హార్మోన్ ఎక్కడిదండీ? చనిపోయినవాళ్ల పిట్యూటరీ గ్రంథులది. అందుకే ఎప్పుడూ కొరతే. 1985లో, అది వాడిన కొందరు మెదడు జబ్బుతో చనిపోయారని బయటపడింది. అమెరికాలో పంపిణీ ఆపేశారు. అదే ఏడాది, బ్యాక్టీరియాతో తయారుచేసిన హార్మోన్‌కి అక్కడ అనుమతి వచ్చింది. ఇప్పుడు మన పిల్లలకి ఇచ్చేది శవాల నుంచి తీసింది కాదు, ల్యాబ్‌లో తయారైందే.

కానీ ఎముకల చివర్లు మూసుకుపోయాక ఏ ఇంజెక్షనూ ఎత్తు పెంచదు. పొట్టి పిల్లలందరికీ ఈ లోపం ఉండదు. అయినా నాలుగేళ్లు దాటిన పిల్లలు ఏడాదికి 5 సెంటీమీటర్లు కూడా పెరగకపోతే, ఆలస్యం చేయకుండా డాక్టరుకి చూపించండి.